చల్లని నగరము – మెండైన ఎండ

భూమధ్యరేఖ యనగానే మండుటెండయు, దట్టమైన అడవులును, చెమటలు గ్రమ్మించు ఉక్కయు మనస్సునకు తోచుట సహజము. కాని ఆ రేఖకు ఇరువదియైదు కిలోమీటర్ల దూరములోనే యుండియు, సంవత్సరము పొడవునను జనులు ఉన్నిదుస్తులు ధరించి తిరుగు మహానగర మొకటి కలదు. అదియే దక్షిణ అమెరికా ఖండమునందలి ఈక్వెడార్ దేశమునకు రాజధానియైన క్విటో నగరము. ఇది సముద్రమట్టమునకు సుమారు 2850 మీటర్ల యెత్తున, ఆండీస్ పర్వతపంక్తుల నడుమ, పిచించా అగ్నిపర్వతపు తూర్పువాలున ఉత్తరదక్షిణములుగా నాగటిచాలువలె సాగియున్నది. అచట పగటివేళ ఉష్ణత సాధారణముగా 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేఱును. రాత్రివేళ 10 డిగ్రీలకు దిగును. గాలి యొత్తిడి తక్కువ యగుటచే పొయ్యిమీది ఎసరు కూడ 100 డిగ్రీలు చేఱక, 90 లేక 91 డిగ్రీలకే మఱగును.

ఈ చల్లని నగరముపై సూర్యుడు కురిపించు శక్తి యెంత? ఆ శక్తితో అచటి గృహములు తమ దీపములను వెలిగించుకొనగలవా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినచో భూగోళశాస్త్రము, భౌతికశాస్త్రము, గృహనిర్వహణము అను మూడును ఒక్కచోట కలిసికొనును.

ఈక్వెడార్ అను పేరునకు స్పానిష్ భాషలో భూమధ్యరేఖ యనియే యర్థము. పదునెనిమిదవ శతాబ్దమున భూమి ఆకారమును గూర్చి ఐరోపా పండితులలో పెద్ద వాదము చెలరేగెను. భూమి ధ్రువములకడ కొంచెము నొక్కబడినట్లుండునని న్యూటన్ అనుయాయులు చెప్పిరి. కాదు, ధ్రువములవైపు సాగియుండునని మఱికొందఱు వాదించిరి. దీనిని తేల్చుటకై ఫ్రాన్సు దేశపు విజ్ఞానపరిషత్తు పంపిన బృందము 1736వ సంవత్సరమున క్విటో నగరము చేఱెను. లా కొండమీన్, బూగే, గొడేన్ అను వారు అందు ముఖ్యులు. వారు కొన్ని సంవత్సరములు కొండల నెక్కి దిగుచు, చలికి వడకుచు, భూమధ్యరేఖకడ భూవక్రతను కొలిచిరి. మఱియొక బృందము ఉత్తర ధ్రువప్రాంతమున కొలిచిన కొలతలతో పోల్చిచూడగా న్యూటన్ మాటయే నిజమని స్థిరపడెను.

నేడు నగరమునకు ఉత్తరమున ఆ సంఘటనకు గుర్తుగా గొప్ప స్మారకచిహ్నము నిలిచియున్నది. అచట నేలపై గీచిన పసుపుపచ్చని గీతకు ఇరువైపుల కాళ్లుంచి, తాము రెండు అర్ధగోళములయందును ఒక్కసారిగా నిలిచితిమని యాత్రికులు సంబరపడుదురు. కాని ఆధునిక పరికరములతో కొలిచిచూడగా నిజమైన భూమధ్యరేఖ ఆ గీతకు సుమారు 240 మీటర్లు ఉత్తరముగా నున్నట్లు తేలినది. కంటికి కనబడని రేఖ కొలిచినగాని తెలియదు. ఇంటిపై పడు సూర్యశక్తియు నట్టిదే. ఊహలు విడిచి కొలతలు పట్టినపుడే దాని విలువ తెలియును.

ఆ విలువను తెలిసికొనవలసిన అవసరము క్విటో వాసులకు 2024వ సంవత్సరమున కఠినముగా బోధపడినది. ఈక్వెడార్ దేశము సాధారణముగా తన విద్యుత్తులో పదింట ఏడు వంతులకు పైగా నదీజలములనుండి పొందును. పౌతే నదిపై వరుసగా నిర్మింపబడిన కేంద్రములును, 2016లో ప్రారంభమైన 1500 మెగావాట్ల కోకా కోడో సింక్లేర్ కేంద్రమును ఆ దేశమునకు వెన్నెముకవంటివి. 2024లో కొన్ని దశాబ్దములుగా కనివిని యెఱుగని అనావృష్టి సంభవించి నదులు సన్నగిల్లెను. పౌతే కేంద్రములకు నీటిని నిలువచేయు మజార్ జలాశయము అడుగంటెను. పొరుగున నున్న కొలంబియా దేశమునకును వర్షాభావము తప్పకపోవుటచే అది విద్యుత్తును అమ్ముట మానెను. సెప్టెంబరు మాసమునుండి డిసెంబరు వఱకు దేశమంతటను విద్యుత్ కోతలు సాగెను. అక్టోబరు కడపటి దినములలో ఆ కోతలు దినమునకు 14 గంటల వఱకు పెరిగెను. రాజధాని వీథులలో వాహనములకు దారిచూపు దీపములు ఆఱిపోయెను. అంగళ్ల ముందు జనరేటర్ల మ్రోత మిన్నుముట్టెను. పిల్లలు క్రొవ్వొత్తుల వెలుతురున పాఠములు చదువుకొనవలసి వచ్చెను.

చిత్రమేమనగా, అదే దినములలో ఆ యిండ్ల కప్పులపై ప్రతి ఉదయమును సూర్యకాంతి సమృద్ధిగా పడుచునే యుండెను. నదులు ఎండిన దేశమున ఆకాశమునుండి ప్రవహించు ఈ రెండవ నదిని గూర్చి యోచించుట అప్పటినుండి అచట పండితులకు మాత్రమే గాక గృహస్థులకును ఆవశ్యకమయ్యెను.

మొదట సూర్యగమనమును పరిశీలింపవలెను. భూమి తన కక్ష్యాతలమునకు నిటారుగా నుండక సుమారు ఇరువదిమూడున్నర డిగ్రీలు ఒఱగి తిరుగుచుండుటచే ఋతువులు కలుగుచున్నవి. భూమధ్యరేఖకు దూరమైన కొలది వేసవి పగళ్లు పెరిగి, శీతకాలపు పగళ్లు కుఱుచయగును. లండన్ నగరమున జూన్ మాసమున పగలు పదునాఱున్నర గంటలుండగా, డిసెంబరులో ఎనిమిది గంటలకు లోపుగనే యుండును. హైదరాబాదు నగరమున ఈ భేదము తక్కువ. అచట పగలు జూన్ మాసమున సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. క్విటో నగరమున ఆ పాటి భేదము కూడ లేదు. జనవరి యైనను, జూలై యైనను సూర్యుడు ఉదయము ఇంచుమించు ఆఱు గంటలకు ఉదయించి, సాయంకాలము ఇంచుమించు ఆఱు గంటలకే అస్తమించును.

మధ్యాహ్నవేళ సూర్యుని యెత్తు విషయమునను ఇట్టి స్థిరత్వమే కలదు. మార్చి, సెప్టెంబరు మాసముల విషువద్దినములందు సూర్యుడు నడినెత్తిన నిలుచును. నిటారుగా పాతిన కఱ్ఱకు నీడయే కనబడదు. జూన్ మాసమున అతడు ఉత్తరమునకు, డిసెంబరులో దక్షిణమునకు జరిగినను, మధ్యాహ్నమున అతని యెత్తు 66 డిగ్రీలకు తగ్గదు. ఆ దినములందు సైతము చదునైన కప్పుపై పడు కాంతి, సూర్యుడు నడినెత్తిన నున్నపుడు పడుదానిలో నూటికి తొంబది వంతులకు పైగానే యుండును. వేసవిలో వెన్న, శీతకాలమున సున్న అను అవస్థ అచట లేదు. జర్మనీ దేశమున సౌరఫలకములు లక్షలకొలది యిండ్లపై నున్నను, శీతకాలమున అవి యిచ్చు విద్యుత్తు వేసవిలో ఇచ్చుదానిలో చాల చిన్న భాగము. క్విటో గృహస్థుడు ఒక దినపు శక్తిని మఱునాటికి దాచుకొనిన చాలును. వేసవి శక్తిని శీతకాలమునకు దాచుకొనవలసిన పని లేదు.

రెండవ అనుకూలము ఔన్నత్యము. సూర్యకాంతి భూమిని చేఱుటకు ముందు గాలిపొరలను దాటి రావలెను. గాలియందలి యణువులు, నీటియావిరి, ధూళి ఆ కాంతిలో కొంత చెదరగొట్టును, కొంత మ్రింగును. దీనిని గూర్చిన నియమమును మొదట తెలిపినవాడు పియేర్ బూగే. కాంతి సమానమైన పొరలను దాటునపుడు ప్రతి పొరయందును సమానమైన వంతును కోల్పోవునని ఆయన 1729లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. భూమి ఆకారమును కొలుచుటకై ఏడేండ్ల తరువాత క్విటో కొండలకు వచ్చిన బూగే ఈయనయే. గాలిచే కాంతి యెట్లు తగ్గునో చెప్పిన శాస్త్రజ్ఞుడు, గాలి పలుచనై కాంతి ప్రబలమైన చోట కొన్నేండ్లు నివసించుట విశేషము.

క్విటో నగరమున గాలి యొత్తిడి సముద్రతీరమున నున్న దానిలో సుమారు పదింట ఏడు వంతులు మాత్రమే. అనగా వాతావరణములో దాదాపు మూడు వంతులు ఆ నగరమునకు క్రిందనే యుండిపోయినవి. వాతావరణమునకు వెలుపల చదరపు మీటరునకు సుమారు 1361 వాట్లుగా నుండు సూర్యశక్తి, సముద్రతీరమున నిర్మలమైన మధ్యాహ్నవేళ 1000 వాట్ల ప్రాంతమునకు తగ్గును. క్విటోలో అది 1000 వాట్లను మించుట సామాన్యము. అతినీలలోహిత కిరణములును అచట అధికమే. అందుచే చలి పుట్టుచున్నను ఎండలో నడచువారి చర్మము కమిలిపోవును. చలిగా నున్నది గదా యని టోపీ లేక తిరిగిన క్రొత్తవారు సాయంకాలమునకు ఎఱ్ఱబడిన ముఖములతో ఇల్లు చేఱుదురు. ఎండ వేఱు, వేడి వేఱు అను సత్యమును చర్మమే వారికి బోధించును.

ఈ భేదమే మూడవ అనుకూలమునకు మూలము. సౌరఫలకము వేడివలన పనిచేయునని పలువురు భ్రమపడుదురు. అది కాంతివలన పనిచేయును. సిలికాన్ అను పదార్థముతో చేసిన పలుచని ఘటములపై కాంతి పడినపుడు అందలి ఎలక్ట్రానులు తమ స్థానములనుండి విడివడి ఒక దిక్కునకు ప్రవహించును; ఆ ప్రవాహమే విద్యుత్తు. ఉపయోగకరమైన తొలి సిలికాన్ ఘటమును 1954లో అమెరికా దేశమున బెల్ ప్రయోగశాలవారు ప్రదర్శించిరి. అట్టి ఘటములను అనేకము వరుసగా జోడించి, అద్దము క్రింద నమర్చినదే సౌరఫలకము.

వేడి యీ ఫలకమునకు మిత్రము కాదు, శత్రువు. ఘటము 25 డిగ్రీలకంటె వేడెక్కిన ప్రతి డిగ్రీకిని దాని విద్యుత్తు సుమారు నూటికి 0.4 వంతు చొప్పున తగ్గును. మంచి యెండలో ఫలకము చుట్టునున్న గాలికంటె 25 లేక 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కును. క్విటోలో గాలి 18 డిగ్రీలుండగా ఘటము 45 డిగ్రీలకు చేఱిన దనుకొందము. అపుడు నష్టము నూటికి 8 వంతులు. తెలుగుదేశపు నడివేసవిలో గాలి 42 డిగ్రీలుండగా అదే ఘటము 70 డిగ్రీల వఱకు కాగును. నష్టము నూటికి 18 వంతులగును. ఒకే ఫలకము, ఒకే వెలుతురు. చల్లనిగాలి తగిలిన చోట ఎక్కువ విద్యుత్తు, వేడిగాలి తగిలిన చోట తక్కువ విద్యుత్తు.

ఇన్ని యనుకూలములు చెప్పిన పిదప ప్రతికూలమును కూడ చెప్పవలెను. అది మేఘము. క్విటో ఆకాశము ఉదయమున తఱచుగా తేటగా నుండును. ప్రొద్దెక్కిన కొలది లోయలయందలి తేమ వేడెక్కి కొండవాలుల వెంబడి పైకి ప్రాకును; మధ్యాహ్నమునకు మబ్బులు క్రమ్మును; వర్షకాలమున మూడు నాలుగు గంటలవేళ వాన కురియును, ఒక్కొక్కపుడు వడగండ్లును పడును. అక్టోబరునుండి మే వఱకు వానలు ఎక్కువ. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు పొడిదినములు. ఈ మేఘముల వలననే, నిర్మలాకాశమున లభింపదగిన శక్తిలో చాలభాగము నగరమునకు దక్కకుండ పోవుచున్నది. మేఘములనష్టమును తీసివేసి సంవత్సరపు సగటును కట్టినచో, చదరపు మీటరు చదునుస్థలమునకు దినమునకు సుమారు నాలుగున్నరనుండి అయిదు యూనిట్ల సూర్యశక్తి లభించును. యూనిట్టనగా ఒక కిలోవాట్ చొప్పున ఒక గంటసేపు వాడిన శక్తి. జర్మనీ దేశమున ఈ సగటు మూడు యూనిట్లు మాత్రమే యని తెలిసికొన్నచో క్విటో భాగ్యము బోధపడును.

మేఘముల యీ నడవడిని గమనించినవాడు తన ఫలకములను ఏ దిక్కునకు త్రిప్పవలెనో యెఱుగును. ఉత్తరార్ధగోళమున వానిని దక్షిణమునకును, దక్షిణార్ధగోళమున ఉత్తరమునకును వాల్చి యమర్తురు. భూమధ్యరేఖపై ఆ రెండును అనవసరమే. సూర్యుడు ఆఱుమాసములు ఒక వైపును, ఆఱుమాసములు మఱియొక వైపును ఉండుటచే ఫలకము దాదాపు చదునుగా నుండుటయే మేలు. అయినను పూర్తిగా చదునైనచో వాననీరు నిలిచి మురికి పేరుకొనును. కావున పది డిగ్రీల వాలు ఉంచుదురు. ఆ వాలు తూర్పునకు ఉన్నచో తేటయైన ఉదయపుటెండ యెక్కువగా దక్కును. పడమట నున్న పిచించా పర్వతము సాయంకాలపు సూర్యుని ముందుగానే కప్పివేయును గనుక, పడమటి వాలునకంటె తూర్పువాలే లాభకరము. స్థలమును బట్టి విద్య మాఱునని దీనివలన గ్రహింపవచ్చును. ఒక దేశపు పద్ధతిని మఱియొక దేశమున గ్రుడ్డిగా అనుకరించినచో నష్టమే మిగులును.

ఇక ఒక గృహపు లెక్క చూతము. క్విటోలోని యిండ్లకు సాధారణముగా పంకాలు గాని, శీతలయంత్రములు గాని, గదులను వెచ్చచేయు పరికరములు గాని అక్కఱలేదు. దీపములు, రిఫ్రిజిరేటరు, టెలివిజను, బట్టలుతుకు యంత్రము, కంప్యూటరు మున్నగువానికి ఒక కుటుంబము నెలకు 150 యూనిట్లు వాడుననుకొందము. అనగా దినమునకు 5 యూనిట్లు. ఒక కిలోవాట్ సామర్థ్యము గల ఫలకములు దినమునకు నాలుగున్నర గంటల పూర్తి యెండకు సమానమైన కాంతిని పొంది, తీగెలలోను పరికరములలోను అయిదవ వంతు నష్టమైన పిదప, సుమారు 3.6 యూనిట్లనిచ్చును. కావున ఒకటిన్నర కిలోవాట్ల ఫలకములు దినమునకు 5.4 యూనిట్లనిచ్చి ఆ కుటుంబమునకు చాలును. వానికి కావలసిన స్థలము ఏడెనిమిది చదరపు మీటర్లు. బట్టలాఱవేయు డాబాలో ఒక మూల యన్నమాట.

వేడినీటి సంగతి వేఱు. చల్లని యూరిలో స్నానమునకు వేడినీరు ప్రతి దినమును కావలెను. కుళాయినీరు 15 డిగ్రీలుండగా దానిని 45 డిగ్రీలకు కాచవలెననుకొందము. నూఱు లీటర్లకు సుమారు మూడున్నర యూనిట్ల శక్తి పట్టును. ఇది తక్కిన గృహావసరము లన్నిటికిని వలయు విద్యుత్తుతో ఇంచుమించు పోటీపడునంతటి మొత్తము. ఇందులకు విద్యుత్ఫలకములకంటె సూర్యతాపముతో నీటిని నేరుగా కాచు పరికరము సులభము. నల్లరంగు పూసిన గొట్టములలోని నీరు ఎండకు వేడెక్కి, తేలికయై తనంతట తానే పైనున్న తొట్టిలోనికి చేఱును. చల్లనినీరు దిగివచ్చి దాని స్థానము నాక్రమించును. పంపు అక్కఱలేదు. రెండు చదరపు మీటర్ల పరికరముపై దినమునకు తొమ్మిది యూనిట్ల సూర్యశక్తి పడగా, అందులో సగము నీటికి చేఱినను నూఱు లీటర్లకు పైగా కాగును. తొట్టెకు మంచి కంబళివంటి కప్పు చుట్టినచో మఱునాటి ఉదయమువఱకు ఆ వేడి నిలుచును.

ఇచట నొక ముఖ్యవిషయమును మఱవరాదు. తన యింటిపై ఫలకములుండగా విద్యుత్ కోత తనను బాధింపదని భావించిన గృహస్థుడు నిరాశపడవలసి వచ్చును. ఫలకములనుండి వచ్చు ఏకముఖ విద్యుత్తును ఇంటి పరికరములకు తగినట్లు మార్చునది ఇన్వర్టరు. వీథి తీగెలతో జోడింపబడిన సామాన్యపు ఇన్వర్టరు, వీథిలో విద్యుత్తు ఆగిన మఱుక్షణమే తానును ఆగిపోవును. ఇది లోపము కాదు; రక్షణనియమము. తీగెలను బాగుచేయుచున్న కార్మికునికి ఏ యింటినుండియో విద్యుత్తు ప్రవహించి ప్రాణాపాయము కలుగకుండుటకై ఆ యేర్పాటు చేయబడినది. కోతవేళ గూడ వెలుగు కావలెనన్నచో ఇంటిని వీథినుండి వేఱుచేసి నడుపగల ఇన్వర్టరును, బ్యాటరీయును ఉండవలెను. పెద్ద బ్యాటరీ కూడ అక్కఱలేదు. పది వాట్ల దీపములు నాలుగు అయిదు గంటలు వెలిగినను అయిదింట ఒక యూనిట్టు మాత్రమే వ్యయమగును. రిఫ్రిజిరేటరునకు దినమునకు ఒక యూనిట్టు ప్రాంతము చాలును. రెండు మూడు యూనిట్లు నిలువచేయు బ్యాటరీ యొకటి రాత్రి చదువును, మందులను, పాలను కాపాడగలదు.

ఇన్ని గుణములుండియు క్విటో డాబాలన్నియు సౌరఫలకములతో ఏల నిండియుండలేదు? కారణములు అనేకములు. మొదటిది వ్యయము. 2010వ సంవత్సరమునుండి ఫలకముల వెల పదవ వంతు దరిదాపులకు పడిపోయినను, వానిని బిగించుటకును, ఇన్వర్టరు కొనుటకును ఒక్కసారిగా పెద్దమొత్తము పెట్టవలెను. ఈక్వెడార్ దేశమున 2000వ సంవత్సరమునుండి అమెరికా డాలరే చెలామణిలో నున్నది. గృహములకు విద్యుత్తు యూనిట్టు సుమారు పది సెంట్లు. పైన చెప్పిన ఇంటిలో ఏడాదికి రెండువేల యూనిట్లు ఉత్పత్తియైనచో ఆదా అగునది 200 డాలర్లు. మొత్తపు వ్యయము 2000 డాలర్లనుకొన్నచో అది తిరిగి వచ్చుటకు పదేండ్లు పట్టును. ఫలకములు ఇరువదియైదేండ్లు మన్నునవే యైనను, పదేండ్ల ఓపికయు, చేతిలో పైకమును అందఱికి నుండవు. విద్యుత్తు వెల తక్కువగా నుండుట పేదకు మేలు. కాని ఆ చౌకతనమే క్రొత్త మార్గమునకు అడ్డుగోడయు నగుచున్నది. ఇంటిలో మిగిలిన విద్యుత్తును వీథితీగెలకు ఇచ్చి, ఆ మేరకు లెక్కలో పొందు అవకాశమును 2018లో ప్రభుత్వనియమములు కల్పించిన పిదప ఈ మార్గము కొంత సుగమమైనది.

రెండవది కప్పుల సమస్య. అనేక అంతస్తుల భవనములలో పదులకొలది కుటుంబములకు ఒకే డాబా యుండును. అందఱును ఏకాభిప్రాయమునకు రానిదే పని సాగదు. ప్రక్కన ఎత్తైన భవనము లేచినచో దాని నీడ ఫలకములపై పడును. వరుసగా జోడించిన ఘటములలో ఒక్కదానిపై నీడ పడినను వరుసంతటి ప్రవాహము కుంటుపడును. పాతనగరపు సమస్య మఱియొక విధము. ఎఱ్ఱని పెంకుటిండ్లతో, ప్రాచీన దేవాలయములతో శోభిల్లు ఆ భాగమును 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వసంపదగా గుర్తించెను. ఆ పెంకులపై నల్లని అద్దపుపలకలు పఱచినచో పూర్వుల కళాశోభ చెడును. వెలుగునకై సౌందర్యమును బలియిచ్చుట తగదు గనుక అచట మిక్కిలి జాగ్రత్త వహింపవలసియున్నది.

మూడవది ప్రకృతి వైపరీత్యము. ఆ నగరము చుట్టును అగ్నిపర్వతములున్నవి. 1999 అక్టోబరులో గ్వాగ్వా పిచించా ప్రేలినపుడును, 2002 నవంబరులో రెవెంతదోర్ ప్రేలినపుడును క్విటో వీథులును డాబాలును బూడిదతో కప్పబడెను. అట్టి బూడిద ఫలకములపై పడినచో కాంతిని అడ్డగించును. అది మెత్తని పిండివలె కనబడినను నిజమునకు అతిసూక్ష్మమైన గాజు, రాతి పొడి. పొడిగుడ్డతో రుద్దినచో అద్దము గీతలు పడును. నీటితో మెల్లగా కడుగుటయే తగిన పని.

ఇన్నిటిని త్రాసులో వేసి చూచినపుడు తేలు ఫలితము ఏమి? లక్ష యిండ్లపై ఒకటిన్నర కిలోవాట్ల చొప్పున ఫలకములు నెలకొల్పిరనుకొందము. అవి యన్నియు దినమునకు ఇచ్చునది 5,40,000 యూనిట్లు. కోకా కోడో సింక్లేర్ కేంద్రము పూర్తి బలముతో పనిచేసినచో ఇంచుమించు ఇరువదిరెండు నిమిషములలోనే అంత విద్యుత్తును పుట్టించును. కావున ఇంటికప్పులు నదులకు బదులు కాజాలవు; ఆ మాట దాచుట తగదు. కాని ఆ లక్ష కుటుంబముల కన్నులతో చూచినచో అది వారి దినావసర మంతయును.

అంతియేకాదు. నదికిని సూర్యునికిని ఒక మంచి పొత్తు కుదురును. పగటివేళ కప్పులపై పుట్టిన ప్రతి యూనిట్టు వలన జలాశయమునందు కొంత నీరు మిగులును. ప్రొద్దు గ్రుంకి, ఏడెనిమిది గంటలవేళ ఇంటింట దీపములు వెలుగునపుడు ఆ నీటిని విడిచి విద్యుత్తు పుట్టింపవచ్చును. అనగా జలాశయమే పెద్ద బ్యాటరీ యగును. వానలు వెనుదీసిన దినములలో మబ్బులును తక్కువ యగుట వలన, నది చిక్కినపుడు ఎండ బలియును. నది నిండినపుడు ఎండ మందగించినను లోటుండదు. ఒకరు అలసినపుడు మఱియొకరు భారము మోయు కాడియెడ్లవలె ఈ రెండు శక్తులును దేశమును నడుపగలవు.

అందుచే క్విటో గృహస్థుని సౌరసంపద వేడిలో లేదు. ప్రతి ఉదయమును తప్పక ఒకే వేళకు వచ్చు వెలుతురులోను, పలుచని గాలిలోను, ఫలకములను చల్లార్చు కొండగాలిలోను ఉన్నది. భూమధ్యరేఖను వెదకి వచ్చిన శాస్త్రజ్ఞులు కొలబద్దలతో కొండలెక్కిన ఆ నగరమున, నేడు సామాన్యగృహస్థుడు సైతము తన డాబాపై ఏ మూలకు ఎన్ని గంటలు ఎండ పడునో, ఏ గోడనీడ ఎప్పుడు వ్రాలునో కొలుచుకొనవలసియున్నది. 2024లో చీకటి నేర్పిన పాఠ మిదియే. పై ఆకాశము ఎవనికిని సొంతము కాదు. కాని తన యింటిపై నున్న ఆకాశమును శ్రద్ధగా గమనించి తెలిసికొన్నవాడు చీకటిదినము వచ్చినపుడు ఒక దీపమునైనను నిలుపుకొనగలడు.